పిల్లల్ని చూసుకునే ఆంటీకి డబ్ల్యూ-2 ఎందుకు? అమెరికాలో నానీ ఉద్యోగం, టాక్స్ లెక్కలు

ఈ రోజు ఎపిసోడ్ మా ఇంటి విషయంతో మొదలుపెడతాను.

మా పెద్దమ్మ డల్లాస్ దగ్గర ఉంటుంది. మా అన్నయ్య సిటిజన్ అయ్యాక ఆవిడకి గ్రీన్ కార్డ్ చేయించాడు. 2015లో వచ్చింది. పెద్దనాన్న అప్పటికే లేరు. ఖాళీగా కూర్చునే మనిషి కాదు కాబట్టి 2016 నుంచి తెలుగువాళ్ల ఇళ్లలో పిల్లల్ని చూసుకోవడం మొదలుపెట్టింది. మొత్తం మూడు ఇళ్లు. ప్రతి శుక్రవారం కవర్‌లో క్యాష్, తర్వాత తర్వాత జెల్. 2025లో ఆవిడకి 65 నిండాయి. మెడికేర్ అప్లై చేద్దామని నేనే కూర్చుని ఆవిడ సోషల్ సెక్యూరిటీ అకౌంట్ ఓపెన్ చేశాను. అందులో ఏ సంవత్సరం ఎంత సంపాదించారో వరసగా లిస్ట్ ఉంటుంది. 2016 సున్నా. 2017 సున్నా. అలా కిందదాకా సున్నాలే.

"ఏరా, సైట్ పనిచేయట్లేదా?" అంది.

సైట్ బాగానే పనిచేస్తోంది. దాదాపు పదేళ్లు పొద్దున ఏడున్నరకి వెళ్లి సాయంత్రం వచ్చిన మనిషి, గవర్నమెంట్ రికార్డులో ఒక్క రోజు కూడా పని చేయలేదు. ఈ రోజు మాట్లాడేది దాని గురించే.

మీలో చాలామంది అనుకోవచ్చు, నేను నానీని కాదు కదా, నాకెందుకు అని. కానీ మీ అమ్మగారో, అత్తగారో, హెచ్-4 మీద ఉన్న మీ అక్కో ఈ పని చేస్తూ ఉండొచ్చు. లేదా రేపు మీకే పిల్లలు పుట్టి, మీరే ఒక ఆంటీని పెట్టుకోవచ్చు. రెండు వైపులా తెలియాల్సిన విషయం ఇది.

మొదటి ప్రశ్న. నానీ అనే మనిషి ఆ ఇంటివాళ్ల దగ్గర ఉద్యోగా, లేక సొంతంగా బిజినెస్ చేసుకుంటున్నట్టా? ఐఆర్ఎస్ వాళ్ల పబ్లికేషన్ 926 అని ఒక బుక్‌లెట్ ఉంది, ఇంట్లో పనివాళ్లని పెట్టుకునే వాళ్ల కోసమే రాసింది. అందులో రూల్ చాలా సింపుల్. ఏం పని చేయాలి అన్నదే కాకుండా, ఎలా చేయాలి అన్నది కూడా మీరే కంట్రోల్ చేయగలిగితే, ఆ మనిషి మీ ఉద్యోగి.

ప్లంబర్‌ని తీసుకోండి. సింక్ లీక్ అవుతోందని పిలుస్తాం. ఏ రోజు వస్తాడో, ఏ పానా వాడతాడో ఆయన ఇష్టం. పనిముట్లు ఆయనవి. వందమంది కస్టమర్లు ఉంటారు. ఆయనది బిజినెస్. ఇప్పుడు నానీని చూడండి. ఎనిమిదింటికి రండి ఆంటీ. పన్నెండుకి పప్పన్నం పెట్టండి. టీవీ చూపించొద్దు. ఒంటిగంటకి నిద్రపుచ్చండి. ఇల్లు వాళ్లది, పిల్లాడు వాళ్ల పిల్లాడు, టైమింగ్ వాళ్లది, రూల్స్ వాళ్లవి. ఇది ఉద్యోగం కాకపోతే ఇంకేది ఉద్యోగం?

వారానికి రెండు రోజులే వచ్చినా ఉద్యోగమే. గంటకి ఇంత అని ఇచ్చినా, వారానికి ఇంత అని ఇచ్చినా అదే. "ఈవిడ ఇండిపెండెంట్ కాంట్రాక్టర్" అని పేపర్ మీద రాసుకుని ఇద్దరూ సంతకం పెట్టినా రూల్ మారదు. రెండు సందర్భాల్లో మాత్రం తేడా ఉంటుంది. ఒకటి, ఆవిడే తన ఇంట్లో పదిమంది పిల్లల్ని పెట్టుకుని డేకేర్ లాగా నడిపితే, అది సొంత బిజినెస్. రెండు, ఏజెన్సీ మనిషిని పంపించి, పని ఎలా చేయాలో కూడా ఏజెన్సీయే చూసుకుంటే, ఆవిడ మీ ఉద్యోగి కాదు. ఏజెన్సీ జస్ట్ పరిచయం చేసి పక్కకి తప్పుకుంటే మాత్రం ఉద్యోగం ఇచ్చింది మీరే.

ఓకే, ఉద్యోగి అని తేలింది. ఇప్పుడు డబ్బులు. నేను చెప్పేవన్నీ 2025 అంకెలు, ఇవి ఏటా మారతాయి.

ఒక ఇంటివాళ్లు ఒక నానీకి ఏడాదిలో 2,800 డాలర్లు లేదా అంతకంటే ఎక్కువ ఇస్తే సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ టాక్స్ కట్టాల్సిందే. 2024లో ఇది 2,700. రేటు సోషల్ సెక్యూరిటీకి 6.2 శాతం, మెడికేర్‌కి 1.45 శాతం, కలిపి 7.65. ఇది నానీ జీతంలోంచి కట్ అవుతుంది. సరిగ్గా అంతే మొత్తం, ఇంకో 7.65, ఇంటివాళ్లు తమ జేబులోంచి వేయాలి. మొత్తం 15.3 శాతం.

వారానికి 600 డాలర్లు అనుకోండి. నానీ వాటా 45 డాలర్ల 90 సెంట్లు. చేతికి 554 చిల్లర వస్తుంది. ఇంటివాళ్లు ఇంకో 45.90 కలిపి గవర్నమెంట్‌కి కడతారు. అసలు కట్ చేయకుండా మొత్తం మేమే కట్టేస్తాం అన్నా ఓకే, చాలామంది అలా చేస్తారు. కానీ కట్ చేయడం మర్చిపోయాం అంటే మాత్రం కుదరదు. అప్పుడు రెండు వాటాలూ కట్టాల్సిన బాధ్యత ఇంటివాళ్ల మీదే పడుతుంది.

దీనికి పైన ఫెడరల్ అన్‌ఎంప్లాయ్‌మెంట్ టాక్స్ ఒకటి. ఏ మూడు నెలల క్వార్టర్‌లో అయినా జీతాలు కలిపి 1,000 డాలర్లు లేదా అంతకంటే ఎక్కువ అయితే వస్తుంది. మొదటి 7,000 మీద 6 శాతం. స్టేట్‌కి టైమ్‌కి కట్టేస్తే చాలావరకు తగ్గి 0.6 శాతానికి దిగుతుంది, అంటే ఏడాదికి 42 డాలర్లు. ఇది మొత్తం ఇంటివాళ్లదే, నానీ జీతంలోంచి కట్ చేయకూడదు.

మరి ఇన్‌కమ్ టాక్స్? మనం సాఫ్ట్‌వేర్ జాబ్‌లో ఉంటే కంపెనీ ఆటోమేటిక్‌గా కట్ చేస్తుంది కదా. ఇంటి ఉద్యోగానికి అలా కాదు. నానీ అడిగి, ఇంటివాళ్లు ఒప్పుకుంటేనే కట్ చేస్తారు. దానికి డబ్ల్యూ-4 ఫారం నింపి ఇవ్వాలి. కట్ చేయలేదంటే టాక్స్ లేదని కాదు. అవసరమైతే నానీయే ఏప్రిల్, జూన్, సెప్టెంబర్, జనవరి, ఇలా నాలుగు విడతల్లో ఎస్టిమేటెడ్ టాక్స్ కట్టుకోవాలి. క్యాష్‌లో వచ్చినా, జెల్‌లో వచ్చినా ఆదాయం ఆదాయమే. రిటర్న్‌లో చూపించాలి.

ఇక్కడ మా ఇంట్లో జరిగిన తప్పు కూడా చెప్తాను. మా అన్నయ్య ఇన్నేళ్లూ పెద్దమ్మని డిపెండెంట్‌గా చూపించి 500 డాలర్ల క్రెడిట్ తీసుకున్నాడు. అమ్మ నా ఇంట్లోనే ఉంటుంది, నేనే చూసుకుంటున్నాను, కాబట్టి చూపించొచ్చు అనుకున్నాడు. కానీ ఆ మనిషికి ఏడాదికి టాక్సబుల్ ఆదాయం ఒక పరిమితి దాటకూడదు. 2025కి అది 5,200 డాలర్లు. పెద్దమ్మకి అంతకు ఎన్నో రెట్లు వచ్చేది. కాబట్టి తప్పు ఇంటివాళ్లది ఒక్కటే కాదు, మాది కూడా. పైగా రేపు పెద్దమ్మ సిటిజన్‌షిప్‌కి అప్లై చేస్తే, ఎన్-400 ఫారంలో టాక్స్ రిటర్నులు వేశారా, బాకీలు ఉన్నాయా అని అడుగుతారు. అక్కడ అబద్ధం రాయలేం.

సరే, ఇంకొంతమంది ఏం చేస్తారంటే, "మేం లీగల్‌గానే చేస్తున్నాం అండీ" అని నానీకి 1099 ఇస్తారు. వినడానికి బాగుంటుంది. లెక్క చూడండి. ఏడాదికి 30,000 డాలర్లు. డబ్ల్యూ-2 ఇస్తే నానీ వాటా 2,295. అదే 1099 ఇస్తే ఆవిడ సొంత బిజినెస్ అని అర్థం, రెండు వాటాలూ ఆవిడే కట్టాలి. సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ టాక్స్ దాదాపు 4,239 వస్తుంది. అంటే సుమారు 1,944 డాలర్లు ఇంటివాళ్లు కట్టాల్సింది ఆంటీ నెత్తిన పడింది. పైగా ఉద్యోగం పోతే అన్‌ఎంప్లాయ్‌మెంట్ డబ్బులు అడగడం కూడా కష్టం.

అలా 1099 ఇచ్చినా, అసలు ఏ పేపర్ ఇవ్వకపోయినా దారి ఉంది. ఫారం ఎస్ఎస్-8 వేస్తే, నేను ఉద్యోగినా కాదా అని ఐఆర్ఎస్‌నే తేల్చమని అడిగినట్టు. దానితో పాటు రిటర్న్‌కి ఫారం 8919 జోడిస్తే నానీ తన 7.65 వాటా మాత్రమే కడుతుంది, ఆ సంపాదన ఆవిడ సోషల్ సెక్యూరిటీ రికార్డులోకి కూడా వెళ్తుంది.

రికార్డు ఎందుకంత ముఖ్యం? సోషల్ సెక్యూరిటీలో క్రెడిట్లు ఉంటాయి. 2025లో ప్రతి 1,810 డాలర్ల సంపాదనకి ఒక క్రెడిట్, ఏడాదికి గరిష్ఠంగా నాలుగు. అంటే 7,240 డాలర్లు రికార్డులో పడితే ఆ ఏడాది నాలుగూ వచ్చేసినట్టే. 40 క్రెడిట్లు ఉంటే రిటైర్‌మెంట్ పెన్షన్‌కి అర్హత, 65 ఏళ్లకి మెడికేర్ పార్ట్ ఏ, అంటే హాస్పిటల్ ఇన్సూరెన్స్, ప్రీమియం లేకుండా. భర్తకో భార్యకో 40 ఉన్నా పార్ట్ ఏ వస్తుంది. ఎవరికీ లేకపోతే కొనుక్కోవాలి. 30 కంటే తక్కువ ఉంటే 2025లో నెలకి 518 డాలర్లు. 30 నుంచి 39 మధ్య ఉంటే 285. ఇండియాలో కట్టిన పీఎఫ్ ఇక్కడ కలవదు, రెండు దేశాల మధ్య అలాంటి ఒప్పందం లేదు.

ఇప్పుడు పెద్దమ్మ లెక్క వేయండి. 2016 నుంచి 2025 వరకు పది సంవత్సరాలు. ఏడాదికి నాలుగు. 2025 చివరికి సరిగ్గా 40 నిండేవి. ఇప్పుడు ఉన్నది సున్నా. నెలకి 518 అంటే ఏడాదికి 6,216 డాలర్లు. మిగిలిన టాక్స్ అని మనం అనుకున్నది ఇది.

ఒక చిన్న క్లారిటీ. సొంత మనవడిని చూసుకున్నందుకు కొడుకో కూతురో డబ్బులిస్తే సాధారణంగా ఈ సోషల్ సెక్యూరిటీ టాక్స్ వర్తించదు, కొన్ని ప్రత్యేక పరిస్థితుల్లో తప్ప. కాబట్టి క్రెడిట్లు కూడా రావు. నేను మాట్లాడేది బయటివాళ్ల ఇంట్లో పని గురించి.

ఇప్పుడు స్టూడెంట్స్, మీరు జాగ్రత్తగా వినండి. ఇదంతా పని చేసే పర్మిషన్ ఉన్నవాళ్ల కోసం. గ్రీన్ కార్డ్ ఉంటే ఓకే. హెచ్-4 మీద ఈఏడీ ఉంటే ఓకే. ఈఏడీ లేని హెచ్-4 అయితే పని చేయకూడదు. విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలు పక్కింటి పిల్లల్ని డబ్బులకి చూసుకోకూడదు. ఎఫ్-1 మీద ఉన్నవాళ్లు పర్మిషన్ లేకుండా క్యాంపస్ బయట బేబీ సిట్టింగ్ చేయకూడదు. "క్యాష్ కదా బ్రో, ఎవరికి తెలుస్తుంది" అనేవాళ్లు ఉంటారు. డబ్బు బదులు రూమ్ రెంట్ తగ్గించినా అది పనికి ఇచ్చిన ప్రతిఫలమే. గంటకి 12 డాలర్ల కోసం స్టేటస్ పోగొట్టుకుంటే, ఇంటి దగ్గర నాన్న తెచ్చిన ఎడ్యుకేషన్ లోన్ ఎవరు తీరుస్తారు? మిమ్మల్ని భయపెట్టడానికి చెప్పట్లేదు. ఈ ఒక్క విషయంలో సర్దుబాటు లేదు, అంతే.

ఇంటివాళ్ల వైపు చేయాల్సినవి వరసగా చెప్తాను. నానీ చేరినప్పుడు ఐ-9 ఫారం నింపి పని చేసే అర్హత చూసుకోవాలి. ఐఆర్ఎస్ సైట్‌లో ఈఐఎన్ నంబర్ తీసుకోవాలి, ఫ్రీ, ఆన్‌లైన్‌లో అక్కడికక్కడే వస్తుంది. స్టేట్‌లో ఎంప్లాయర్‌గా రిజిస్టర్ అవ్వాలి. వారం వారం ఎన్ని గంటలు, ఎంత ఇచ్చాం అని రాసి పెట్టుకోవాలి. తర్వాతి జనవరి 31 కల్లా నానీకి డబ్ల్యూ-2 ఇవ్వాలి, సోషల్ సెక్యూరిటీ వాళ్లకి కూడా పంపాలి. ఏప్రిల్‌లో మీ 1040 రిటర్న్‌కి షెడ్యూల్ హెచ్ జోడించాలి. ఇదంతా చేసిపెట్టే పేరోల్ సర్వీసులు కూడా ఉన్నాయి.

జీతం సంగతి కూడా. గంటల లెక్క ప్రకారం ఫెడరల్ మినిమమ్ 7.25, చాలా స్టేట్స్‌లో ఇంకా ఎక్కువ. వారంలో 40 గంటలు దాటితే దాటిన ప్రతి గంటకి ఒకటిన్నర రెట్లు. గంటకి 15 అయితే 41వ గంట నుంచి 22.50. ఆ ఇంట్లోనే ఉండే నానీలకి ఫెడరల్ రూల్‌లో ఓవర్‌టైమ్ లేదు, స్టేట్ రూల్ చూసుకోవాలి. న్యూయార్క్‌లో 2010లోనే ఇంటి పనివాళ్ల హక్కులకి ప్రత్యేక చట్టం వచ్చింది. మనవాళ్లు ఎక్కువగా ఉండే న్యూజెర్సీలో కూడా 2024 జూలై నుంచి అలాంటి చట్టం అమల్లో ఉంది.

"ఎవరూ పట్టించుకోరులే" అనుకునేవాళ్లకి రెండు మాటలు. ఒకటి చరిత్ర. 1993లో బిల్ క్లింటన్ ప్రెసిడెంట్ అయినప్పుడు అటార్నీ జనరల్ పదవికి జోయీ బెయిర్డ్ అనే లాయర్‌ని నామినేట్ చేశారు. ఇంట్లో పిల్లాడిని చూసుకోవడానికి పర్మిషన్ లేని వాళ్లని పెట్టుకున్నారని, వాళ్ల సోషల్ సెక్యూరిటీ టాక్స్ కట్టలేదని బయటపడింది. ఆ పదవి అక్కడితో పోయింది. తర్వాతి ఏడాదే కాంగ్రెస్ ఈ రూల్స్ మార్చింది. అంతకుముందు మూడు నెలలకి 50 డాలర్లు ఇస్తే చాలు, టాక్స్ వచ్చేది. దాన్ని ఏడాదికి 1,000 చేసి, ఇంటివాళ్ల సొంత రిటర్న్‌తోనే కట్టేలా సులువు చేశారు.

రెండోది మన సాఫ్ట్‌వేర్ వాళ్లకి. మీ కంపెనీలో డిపెండెంట్ కేర్ ఎఫ్ఎస్ఏ ఉంటుంది, 2025లో 5,000 డాలర్ల దాకా టాక్స్ లేకుండా పక్కన పెట్టుకోవచ్చు. అది వాడుకోవాలంటే ఫారం 2441లో పిల్లల్ని ఎవరు చూసుకున్నారో పేరు, సోషల్ సెక్యూరిటీ నంబర్, ఎంత ఇచ్చారో రాయాలి. అంటే ఒక పేజీలో "ఈ ఆంటీకి ఇంత ఇచ్చాం" అని మీరే రాసి, ఇంకో చోట షెడ్యూల్ హెచ్ పెట్టలేదు. ఐఆర్ఎస్‌కి ఎవరో చెప్పక్కర్లేదు, మీరే చెప్పారు. అదే సరిగ్గా చేస్తే ఆ ఎఫ్ఎస్ఏలో మిగిలే టాక్స్‌తో మీ 7.65 వాటా చాలావరకు తీరిపోతుంది.

మరి ఇప్పటికే ఏళ్లు గడిచిపోతే? సోషల్ సెక్యూరిటీ రికార్డు సరిచేసుకోవడానికి ఆ సంవత్సరం ముగిశాక 3 ఏళ్ల 3 నెలల 15 రోజుల గడువు ఉంటుంది. 2022 సంపాదనకి 2026 ఏప్రిల్ 15. కొన్ని మినహాయింపులు ఉన్నాయి, కానీ వాటి మీద ఆధారపడొద్దు. జెల్ హిస్టరీ, వాట్సాప్ మెసేజ్‌లు, డైరీలో రాసుకున్నవి, అన్నీ దాచుకోండి. అవే రుజువులు.

మేం ఏం చేశామో చెప్పి ముగిస్తాను. పెద్దమ్మ ముందు ఒప్పుకోలేదు. "వాళ్లు మంచివాళ్లురా. పండక్కి చీర పెడతారు. ఇప్పుడు ఇదంతా అడిగితే ఏమనుకుంటారు?" అంది. "చీర పెట్టారు పెద్దమ్మా, నీ పేరు మీద టాక్స్ పెట్టలేదు" అన్నాను. ఇప్పుడున్న ఇంట్లో 2023 నుంచి చేస్తోంది. ఇద్దరూ ఐటీ వాళ్లే. కూర్చుని ఈ స్టేట్‌మెంట్ చూపించాం. ఆయన ముందు "మేం ఆంటీకి ఒక్క డాలర్ ఎగ్గొట్టలేదండీ" అన్నాడు. నిజమే, ఆయనకి తెలియదు. సున్నాల పేజీ చూశాక వాళ్లావిడే అంది, "మా అమ్మకి ఇలా జరిగితే ఊరుకుంటామా?" అని. ఒక సీపీఏని పెట్టుకుని 2023, 2024 రిటర్నులు షెడ్యూల్ హెచ్‌తో సవరిస్తున్నారు. 2025 మామూలుగా డబ్ల్యూ-2. పెద్దమ్మ తన వాటా, తన రిటర్నులు తను వేస్తోంది. అన్నయ్య తనవి సవరించుకుంటున్నాడు. పెనాల్టీలు, వడ్డీ ఎవరివి వాళ్లకి ఉంటాయి.

అంతా సరిగ్గా పడితే ఆవిడకి 12 క్రెడిట్లు వస్తాయి. ముందు రెండు ఇళ్లలో ఒకరు ఫోన్ ఎత్తట్లేదు, ఇంకొకరు చూద్దాం అన్నారు. 40కి ఇంకా 28 కావాలి, అంటే ఏడేళ్లు. "డెబ్బై రెండు దాకా పిల్లల్ని ఎత్తుకోగలనా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. 30 దాటితే ప్రీమియం 285కి దిగుతుంది కదా అని చెప్పాను. "సరే, ముందు ముప్పై చూద్దాం" అంది.

ఫ్రెండ్స్, ఈ వీకెండ్ ఒక్క పని చేయండి. మీ ఇంట్లో ఎవరైనా ఈ పని చేస్తుంటే, పక్కన కూర్చుని వాళ్ల సోషల్ సెక్యూరిటీ అకౌంట్ ఓపెన్ చేయించండి. పది నిమిషాల పని. సున్నాలు కనిపిస్తే ఇప్పుడే కనిపించాలి, 65 ఏళ్లకి కాదు. నేను చెప్పింది అవగాహన కోసం, మీ కేసుకి మాత్రం సీపీఏనో, ఎన్‌రోల్డ్ ఏజెంట్‌నో అడగండి. వీడియో ఉపయోగపడితే మీ ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టండి, ముఖ్యంగా నానీని పెట్టుకున్న ఫ్రెండ్స్‌కి పంపండి. డౌట్స్ కామెంట్స్‌లో రాయండి, కానీ మీ సోషల్ సెక్యూరిటీ నంబర్లు మాత్రం రాయకండి బాబూ. మళ్లీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.